బురద నీటిలో నిప్పును చూసినవాడు: అలెసాండ్రో వోల్టా

మన కాలేజీ ఫిజిక్సు లాబులో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ రోజుకు పదిసార్లు ఒక మనిషి పేరు పలుకుతాడు. పలుకుతున్నానన్న సంగతి మాత్రం అతనికి తెలియదు. టార్చిలైటు సెల్లు ఒకటిన్నర వోల్టు, ఇంట్లో కరెంటు 230 వోల్టులు, వోల్టేజి పడిపోయింది, వోల్టుమీటరు పనిచేయడం లేదు - ఇలా మాటకు ముందు మాటకు వెనుక వచ్చే ఆ పేరు ఇటలీ దేశస్థుడైన అలెసాండ్రో వోల్టాది. విద్యార్థి సంఘం వారు ఈ ఏటి సావనీరుకు ఒక శాస్త్రజ్ఞుని జీవితం రాసిమ్మని అడిగినప్పుడు నాకు మొదట తోచిన పేరు అదే. అయితే బ్యాటరీ కథ మీ పాఠ్యపుస్తకాల్లో ఎలాగూ ఉంది. పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలో దాటేసే మరో కథ ఆ మహనీయుని జీవితంలో ఉంది. అది చెరువు అడుగున కుళ్ళిన గడ్డిలోంచి మండే గాలిని పట్టుకున్న కథ. నా దృష్టిలో మన ప్రాంతపు యువకులకు ఇప్పుడు ఎక్కువ పనికొచ్చేది ఆ రెండో కథే.

ఎందుకంటారా? నాది శంషాబాద్ పక్క పల్లె. 1980ల చివర మా ఇంటి వెనుక దొడ్లో ఇనుప డ్రమ్ము బోర్లించిన గోబర్ గ్యాస్ ప్లాంటు ఉండేది. రెండు ఘనపు మీటర్లది. రోజూ యాభై కిలోల పెండ కలిపి పోస్తే పొద్దున, సాయంత్రం ఇంటిల్లిపాది వంటకు మంట వచ్చేది. కొట్టంలో నాలుగు బర్రెలు ఉన్నంత కాలం ఆ పొయ్యి ఆరలేదు. తర్వాత ఊళ్ళో కూలీలు దొరకడం తగ్గింది, మేత బీళ్ళు ప్లాట్లయ్యాయి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యేసరికి మా ఊళ్ళో పశువులున్న ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బర్రెలు పోయాయి, పెండ పోయింది, ప్లాంటు గొయ్యి పూడిపోయింది. కానీ ఇంకా సాగవుతున్న పొలాల్లో వరిగడ్డి మాత్రం పోలేదు. మిషన్ కోత వచ్చాక ఆ గడ్డిని చాలామంది చేలోనే తగలబెడుతున్నారు. కూరగాయల తోటల వాళ్ళు పారబోసే ఆకు, రోడ్ల పక్క కొట్టేసిన చెట్ల కొమ్మలు, గోదాముల దగ్గర విరిగిన చెక్కపెట్టెలు, కట్టెకోత మిషన్ల కాడ గుట్టలుగా రంపపు పొట్టు - ఇవన్నీ ఏటేటా పెరుగుతూనే ఉన్నాయి. పెండ లేకుండా వీటి నుంచి గ్యాసు రాదా అన్న ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు వెంటాడింది. దానికి జవాబు వెతుక్కుంటూ వెనక్కి పోగా పోగా చివరకు నేను చేరింది 1776వ సంవత్సరానికి, ఈ వోల్టా దగ్గరికి.

నోరు లేని పిల్లవాడు

వోల్టా 1745 ఫిబ్రవరి 18న ఉత్తర ఇటలీలోని కోమో పట్టణంలో పుట్టాడు. ఆల్ప్స్ కొండల దిగువన, పొడుగాటి సరస్సు ఒడ్డున ఉన్న అందమైన ఊరది. అప్పటికి ఇటలీ ఒక దేశం కాదు. కోమో ఉన్న లొంబార్డీ ప్రాంతం ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది. తండ్రి ఫిలిప్పో, తల్లి మద్దలేనా. పేరున్న కుటుంబమే గానీ చేతిలో డబ్బు నిలవని కుటుంబం. తండ్రి యౌవనంలో చాలా ఏళ్ళు జెస్యూట్ మఠంలో ఉండి బయటికి వచ్చినవాడు. పినతండ్రులు చర్చి పెద్దలు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళలో చాలామంది మతసేవలోకే పోయారు.

ఈ పిల్లవాడికి నాలుగేళ్ళు వచ్చేదాకా మాటలు రాలేదు. మూగవాడనే ఇంట్లో అనుకున్నారు. ఏడేళ్ళ ప్రాయంలో తండ్రి పోయాడు. పినతండ్రి చేరదీసి చదివించాడు. మాటలు వచ్చిన తర్వాత మాత్రం ఆ నోటికి అడ్డు లేకపోయింది. లాటిన్, ఫ్రెంచి భాషలు అలవోకగా నేర్చాడు. రసాయన శాస్త్రపు కొత్త సంగతుల మీద లాటిన్‌లో పద్యకావ్యమే అల్లాడు. చదువుకున్న జెస్యూట్ పాఠశాలలో గురువులు ఇతన్ని తమ మఠంలో కలుపుకుందామని చూశారు. అది కనిపెట్టి పినతండ్రి బడి మాన్పించాడు. ఇంటివారి కోరిక వకీలు కావాలని. కుర్రవాడి మనసు మాత్రం విద్యుత్తు మీద ఉంది.

విశ్వవిద్యాలయ పట్టా లేని మనిషి ఈ వోల్టా. ఈ ఒక్క సంగతి మన మిత్రులు గుర్తు పెట్టుకోవాలి. గత్తోని అని ఒక స్నేహితుడు, కాస్త కలిగినవాడు, తన ఇంట్లో పరికరాలు పెట్టుకుని ఇతన్ని కూడా వచ్చి వాడుకోమన్నాడు. అదే వోల్టా మొదటి లాబు. పద్దెనిమిదేళ్ళ వయసులోనే ఆనాటి యూరపులో విద్యుత్తు విషయంలో పెద్ద తలకాయలకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. జవాబులు కూడా వచ్చాయి. 1769లో మొదటి పరిశోధన వ్యాసం అచ్చయింది. 1774లో కోమో పాఠశాలల మీద అధికారిగా ఉద్యోగం దొరికింది. ఆ మరుసటి ఏడు ఎలెక్ట్రోఫోరస్ అనే పరికరాన్ని తయారుచేశాడు. ఒకసారి రుద్ది ఛార్జి చేస్తే చాలు, దాని నుంచి మళ్ళీ మళ్ళీ ఛార్జి తీసుకోవచ్చు. దాంతో వోల్టా పేరు దేశదేశాలకు పాకింది.

సరస్సు అంచున ఒక కర్ర

ఇక మన అసలు కథకు వద్దాం. ఆ రోజుల్లో గాలి అంటే ఒకటే పదార్థం కాదని, చాలా రకాల గాలులు ఉన్నాయని శాస్త్రజ్ఞులకు అప్పుడప్పుడే తెలుస్తోంది. ఇంగ్లండులో ప్రీస్ట్లీ ఈ విషయం మీద పుస్తకాలు రాస్తున్నాడు. లోహం మీద ఆమ్లం పోస్తే మండే గాలి వస్తుందని అప్పటికే తెలుసు. దాన్నే మనం ఇప్పుడు హైడ్రోజన్ అంటున్నాం. వోల్టా ఆ రాతలు చదువుతున్న కాలంలోనే, కార్లో కాంపి అనే మతగురువు, ఇతని స్నేహితుడు, ఒక ఊటనీటి బుగ్గ దగ్గర మండే గాలి పైకి రావడం చూశాడు. ఆ కబురు విన్న వోల్టాకు కూర్చున్న చోట నిలవలేదు. ఇలాంటి గాలి ఆ ఒక్క బుగ్గలోనే ఎందుకుండాలి, నీరు నిలిచిన ప్రతిచోటా ఉండకూడదా అని వెతకడం మొదలుపెట్టాడు.

1776 నవంబరు మొదట్లో మజ్జోరే సరస్సుకు పోయాడు. ఆంజెరా అనే ఊరి దగ్గర, ఒడ్డున తుంగ, రెల్లు దట్టంగా పెరిగి, ఆకు రాలి, కుళ్ళి, అడుగున నల్లటి బురద పేరుకుని ఉంది. ఆ బురదలోకి కర్ర గుచ్చి కదిలించాడు. బుడగలు పైకి లేచాయి. సీసాలో నీళ్ళు నింపి, నీటిలోనే తలకిందులుగా పట్టి, మూతికి గరాటు తగిలించి ఆ బుడగలను అందులోకి ఎక్కించాడు. బుడగ పైకి వెళ్ళేకొద్దీ నీరు కిందికి దిగింది. సీసా నిండింది. వెలిగించి చూస్తే నీలి రంగు మంటతో నెమ్మదిగా కాలింది.

మన హిమాయత్‌సాగర్ అంచున, ఊరి కుంటల శిఖంలో నాచు పట్టిన చోట కర్ర పెట్టి కెలికితే బుడగలు రావడం చూడని పల్లె పిల్లవాడు ఉండడు. నేనూ చిన్నప్పుడు కెలికినవాణ్ణే. మనం కెలికి నవ్వుకున్నాం. వోల్టా కెలికి సీసా పట్టాడు. తేడా అంతే, కానీ అది ఎంత తేడా!

సీసా పట్టడంతో ఆగలేదు. ఎక్కడెక్కడ బుడగలు వస్తున్నాయి, ఎక్కడ రావడం లేదు అని చెరువులు, కాలువలు, మురుగు గుంటలు తిరిగి చూశాడు. చెత్త, ఆకు, గడ్డి కుళ్ళిన బురద ఉన్నచోట గాలి మెండు. ఉత్త ఇసుక, రాయి ఉన్న చోట లేదు. కాబట్టి ఇది భూమి లోపలి లోహాల నుంచో గంధకం నుంచో వస్తున్నది కాదు, కుళ్ళుతున్న మొక్కల నుంచి, జీవపదార్థం నుంచి వస్తున్నదని తేల్చాడు. లోహాల నుంచి వచ్చే మండే గాలి ఠప్పున పేలుతుంది. ఇదేమో తాపీగా మండుతుంది, పైగా మండటానికి దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ గాలి కావాలి. కాబట్టి రెండూ ఒకటి కావని కూడా గమనించాడు. ఈ సంగతులన్నీ కాంపికి ఉత్తరాలుగా రాసి 1777లో అచ్చువేయించాడు. మనం మిథేన్ అని పిలుస్తున్న వాయువు గురించి మొట్టమొదటి శాస్త్రీయ గ్రంథం అదే. మిథేన్ అన్న పేరు దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత వచ్చింది.

నా ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. ఆ సరస్సు అంచున ఆవు లేదు, బర్రె లేదు. గడ్డి, ఆకు, నీరు, గాలి చొరని బురద, అంతే. గోబర్ గ్యాసులో గోబర్ అన్నది మనం పెట్టుకున్న తోక. ఆవు తిన్న గడ్డే పేడ అవుతుంది. ఆ పేడతో పాటు వచ్చే సూక్ష్మజీవులు గ్యాసు పనిని తొందరపరుస్తాయి, అంతే.

పిస్తోలు, తీగ, దీపం

వోల్టా ఆ మండే గాలిని ఊరికే వదిలిపెట్టలేదు. గాలిని, మామూలు గాలిని కలిపి ఒక పాత్రలో నింపి, లోపల విద్యుత్ నిప్పురవ్వ పుట్టించి, బిరడా బయటికి ఎగిరేలా ఒక పిస్తోలు చేశాడు. చూసేవాళ్ళకు అది గారడీ. కానీ ఈనాడు మనం నడిపే స్కూటర్ ఇంజనులో ప్లగ్గు చేసే పని అదే. కోమో నుంచి మిలాన్ దాకా, సుమారు 40 కిలోమీటర్లు, చెక్క స్తంభాల మీద తీగ లాగి, ఇక్కడ రవ్వ పంపితే అక్కడ పిస్తోలు పేలేలా చేయవచ్చునని 1777లోనే ఒక మిత్రునికి రాశాడు. టెలిగ్రాఫు ఇంకా పుట్టని రోజుల మాట ఇది. అదే నిప్పురవ్వ సూత్రంతో గాలి మంచిచెడ్డలు కొలిచే యూడియోమీటరు చేశాడు. తర్వాత నీరు ఏ వాయువుల కలయికో తేల్చే పనిలో ఇతర శాస్త్రజ్ఞులకు ఆ పరికరం చేతి కర్ర అయింది. మండే గాలితో వెలిగే దీపం కూడా ఒకటి తయారుచేశాడు.

1777లో స్విట్జర్లాండు ప్రయాణం పోయి వాల్టేర్ వంటి మేధావులను కలిసి వచ్చాడు. ఆ ప్రయాణం నుంచి బంగాళాదుంప సాగును తన ప్రాంతపు రైతులకు పరిచయం చేశాడని చెబుతారు. 1778లో పావియా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి వచ్చింది. పట్టా లేనివాడు పట్టాలిచ్చే చోట పెద్దయ్యాడు. పాఠం వినడానికి విద్యార్థులు గదిలో పట్టనంతగా వచ్చేవారట. 1780లో పియెత్రమాలా అనే కొండ ఊళ్ళో నేల నుంచి ఎప్పుడూ మంటలు లేచే చోటికి వెళ్ళి, జనం ఏదో మహిమగా చూసే ఆ మంటలు కూడా నేలలోంచి వచ్చే మండే గాలి వల్లనే అని చెప్పాడు. 1781, 82లలో పారిస్, లండన్ తిరిగి లవోయిజే, లాప్లాస్, ప్రీస్ట్లీ వంటి దిగ్గజాలతో కలిసి కూర్చున్నాడు.

కప్ప కాళ్ళ తగవు

ఇక్కడి నుంచి కథ మీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1791లో బొలోన్యా ఆచార్యుడు గాల్వానీ, చచ్చిన కప్ప కాలికి రెండు లోహాలు తగిలిస్తే అది కొట్టుకుంటుందని, జీవుల శరీరంలోనే విద్యుత్తు ఉందని ప్రకటించాడు. వోల్టా మొదట ఆశ్చర్యపడి మెచ్చుకున్నాడు. తర్వాత తానే చేసి చూసి, విద్యుత్తు కప్పలో లేదు, రెండు వేర్వేరు లోహాల కలయికలో ఉందన్నాడు. వాదం పదేళ్ళు నడిచింది. యూరపు శాస్త్రలోకం రెండు జట్లయింది. అయినా వోల్టా ప్రత్యర్థిని ఒక్క మాట తూలనాడలేదు. ఆ విద్యుత్తుకు గాల్వానీ పేరుతోనే ప్రచారం కల్పించాడు. ఈనాటి మన వాదోపవాదాలు చూస్తుంటే ఈ మర్యాద ఎంతో అపురూపంగా తోస్తుంది.

ఆ తగవులోంచే బ్యాటరీ పుట్టింది. జింకు బిళ్ళ, వెండి బిళ్ళ, మధ్య ఉప్పునీట తడిపిన అట్టముక్క - ఇలా ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చి, కప్ప లేకుండానే ఎడతెగని విద్యుత్ ప్రవాహం రాబట్టాడు. 1800 మార్చి 20న కోమో నుంచి లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు బ్యాంక్స్‌కు ఆ సంగతి ఉత్తరం రాశాడు. కొద్ది వారాల్లోనే లండన్‌లో ఇద్దరు ఆ దొంతరతో నీటిని రెండు వాయువులుగా విడగొట్టారు. కొత్త శాస్త్రయుగం మొదలైంది.

మనిషిగా వోల్టాను గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ కాలం రాజ్యాలు తలకిందులయ్యే కాలం. ఆస్ట్రియా పోయి నెపోలియన్ వచ్చాడు, 1799లో ఆస్ట్రియా వారు తిరిగి వచ్చి పావియా విశ్వవిద్యాలయాన్ని మూసేశారు, మళ్ళీ నెపోలియన్ వచ్చి తెరిపించాడు. గాల్వానీ కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చెయ్యనని భీష్మించి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1798 డిసెంబరులో పేదరికంలోనే కన్నుమూశాడు. వోల్టా అలా కాదు. ఎవరు వచ్చినా తలవంచి తన లాబు తాను కాపాడుకున్నాడు. 1801లో పారిస్ పిలిపించి నెపోలియన్ స్వయంగా ప్రయోగాలు చూశాడు, బంగారు పతకం ఇప్పించాడు, తర్వాత సెనేటరును, 1810లో కౌంటును చేశాడు. నెపోలియన్ పడిపోయాక ఆస్ట్రియా వారు కూడా గౌరవించారు. దీన్ని లౌక్యం అనాలో, శాస్త్రం కోసం పడిన తాపత్రయం అనాలో పాఠకులే తేల్చుకోండి. నాకు మాత్రం గాల్వానీ ముందు కూడా తల వంచాలనిపిస్తుంది, వోల్టా ముందు కూడా.

సంసారంలోనూ తొందరపడిన మనిషి కాదు. ఒక గాయనిని ప్రేమించాడు. ఇంటివారు ఒప్పుకోలేదు. చివరకు 1794లో, నలభై తొమ్మిదేళ్ళ వయసులో తెరెసా పెరెగ్రీనిని పెళ్ళాడాడు. ముగ్గురు కొడుకులు. అందులో ఫ్లమీనియో చదువుల్లో తండ్రిని పోలినవాడు, 1814లో చిన్న వయసులోనే పోయాడు. ఆ దెబ్బ నుంచి వోల్టా పూర్తిగా తేరుకోలేదు. 1819లో ఉద్యోగం చాలించుకుని కోమోకు చేరాడు. 1827 మార్చి 5న కన్నుమూశాడు. విచిత్రం, అదే రోజు పారిస్‌లో లాప్లాస్ కూడా పోయాడు. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభ విద్యుత్ పీడనపు ప్రమాణానికి వోల్టు అని పేరు ఖాయం చేసింది. 1899లో కోమోలో బ్యాటరీకి నూరేళ్ళ పండగ ప్రదర్శన పెడితే, అగ్నిప్రమాదంలో వోల్టా చేతి పరికరాలు చాలావరకు కాలిపోయాయి. 1927లో నూరవ వర్ధంతికి అక్కడే జరిగిన భౌతికశాస్త్ర మహాసభకు మన దేశం నుంచి మేఘనాథ్ సాహా వెళ్ళి వచ్చారు. మన శంషాబాద్ దాపున హిమాయత్‌సాగర్ నిర్మాణం పూర్తయింది కూడా ఆ 1927లోనే.

ఆ బుడగ మన దాకా వచ్చిన దారి

సరస్సు బుడగ అక్కడితో ఆగలేదు. 1897లో బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మురుగు నుంచి గ్యాసు తీసే ఏర్పాటు జరిగింది. 1930ల చివర ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో పేడ గ్యాసు మీద ప్రయోగాలు సాగాయి. 1950లలో జష్‌భాయి పటేల్ ఇనుప డ్రమ్ము ప్లాంటుకు రూపం ఇచ్చాడు, ఖాదీ గ్రామోద్యోగ సంస్థ దాన్ని ఊరూరికీ తీసుకుపోయింది. 1981-82లో కేంద్ర ప్రభుత్వం జాతీయ పథకమే పెట్టింది. మా దొడ్లోకి డ్రమ్ము వచ్చింది ఆ అలలోనే.

వోల్టాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ గ్యాసు చేసేది సూక్ష్మజీవులు. ఒక జట్టు గడ్డిలోని సెల్యులోజును చక్కెరలుగా విడగొడుతుంది, ఇంకో జట్టు ఆ చక్కెరలను ఆమ్లాలుగా మారుస్తుంది, చివరి జట్టు ఆమ్లాల నుంచి మిథేన్ తీస్తుంది. ఈ చివరి జట్టుకు గాలి తగిలితే చావే. అందుకే ప్లాంటు మూత బిగుతుగా ఉండాలి. అవి మామూలు బాక్టీరియా కావని, వేరే కుదురుకు చెందిన ప్రాణులని 1977లో కానీ తేలలేదు. వచ్చే గ్యాసులో సుమారు 50 నుంచి 70 పాళ్ళు మిథేన్, మిగతాది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడు.

మరి వట్టి వరిగడ్డి గొయ్యిలో వేసి నీళ్ళు పోస్తే సరిపోతుందా? సరిపోదు. సూక్ష్మజీవులకు కార్బన్ ఇరవై ముప్ఫై పాళ్ళు ఉంటే నత్రజని ఒక పాలు కావాలి. పేడలో ఆ లెక్క ఇంచుమించు సరిగ్గా ఉంటుంది. వరిగడ్డిలో నత్రజని బాగా తక్కువ. పైగా గడ్డి నీటి మీద తేలి తెట్టెలా గట్టిపడి గ్యాసును పైకి రానివ్వదు. కాబట్టి గడ్డిని సన్నగా నరకాలి, నానబెట్టాలి, నత్రజని కోసం కూరగాయల చెత్త, కోళ్ళఫారం ఎరువు, కొంచెం పేడ కలపాలి, పాత ప్లాంటు ముద్దను తోడు వెయ్యాలి. పెరుగుకు తోడు వేసినట్టే. అప్పుడప్పుడు కలియబెట్టాలి. వెచ్చదనం 35 డిగ్రీల దాపున ఉంటే పని చురుగ్గా సాగుతుంది. ఆ వెచ్చదనం మన ప్రాంతానికి దేవుడిచ్చిన వరమే.

కట్టె సంగతి వేరు. కట్టెలో సెల్యులోజును లిగ్నిన్ అనే పదార్థం సిమెంటులా పట్టి ఉంచుతుంది. గాలి లేని చోట ఈ సూక్ష్మజీవులకు లిగ్నిన్ కొరుకుడు పడదు. చెరువు అడుగున పడిన ఆకు ఏడాదిలో కుళ్ళుతుంది, మొద్దు ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. మన పెద్దలు బావుల్లో కట్టె వొర వేసింది ఆ గుణం చూసే. రంపపు పొట్టు గోబర్ గ్యాసు గొయ్యిలో పోస్తే గొయ్యి నిండుతుందే తప్ప గ్యాసు రాదు. దానికి నిప్పు దారి ఉంది. వోల్టా పారిస్ వెళ్ళిన 1801లోనే అదే నగరంలో ఫిలిప్ లెబాన్ అనే ఇంజనీరు కట్టెను మూసిన పాత్రలో కాల్చి, వచ్చిన గ్యాసుతో ఒక ఇల్లంతా దీపాలు వెలిగించి జనానికి చూపించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువైనప్పుడు మన దేశంలో బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచింది ఆ దారిలోనే. కాబట్టి మెత్తని చెత్త నీళ్ళ గొయ్యికి, గట్టి కట్టె నిప్పు పొయ్యికి. ఈ విభజన తెలియక రెండూ ఒకే గొయ్యిలో పోసి, ప్లాంటు పనికిరాదని తిట్టుకునేవాళ్ళను నేను చూశాను.

ఇది కాగితం మీది కబురు కాదు. మన హైదరాబాదులోనే బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో, తార్నాకలోని ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతితో, రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి గ్యాసు తీసి సుమారు 500 యూనిట్ల కరెంటు పుట్టించే ప్లాంటు వచ్చింది. 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దాన్ని ప్రస్తావించారు కూడా. అక్కడ బర్రెల కొట్టం లేదు. ఉన్నది చెత్త, నీరు, మూత, సూక్ష్మజీవులు. వోల్టా చూసిన సరస్సు అంచే అది, సిమెంటు, ఇనుము తొడుక్కుని వచ్చింది.

మన కాలేజీలో సైన్సు చదివేవాళ్ళకు నా విన్నపం ఒకటే. శంషాబాద్ చుట్టుపక్కల ఏ పంట చెత్త ఎంత వస్తోంది, అందులో మెత్తనిది ఎంత, గట్టిది ఎంత, దేన్ని దేనితో ఏ పాళ్ళలో కలిపితే ఎంత గ్యాసు వస్తుంది - ఈ లెక్క తీయడానికి కోట్ల రూపాయల యంత్రం అక్కరలేదు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యానులు పది, రబ్బరు గొట్టాలు, తలకిందులుగా పెట్టిన కొలత సీసాలు ఉంటే ఒక ప్రాజెక్టు అయిపోతుంది. మిథేన్ గాలిలో నూటికి 5 నుంచి 15 పాళ్ళు కలిస్తే పేలుతుంది గనుక గాలి ఆడే చోట, లెక్చరర్ల సాయంతో చెయ్యండి. వచ్చిన అంకెలు పల్లెకు తీసుకుపోయి రైతుకు చూపండి. పొలంలో గడ్డి తగలబెట్టడం తప్పని అతనికి చెప్పడం తేలిక. తగలబెట్టకుండా ఏం చెయ్యాలో అంకెలతో చెప్పినవాడే అతనికి చుట్టం.

వోల్టాకు పట్టా లేదు, సొంత లాబు లేదు, చిన్నప్పుడు మాట కూడా లేదు. అందరూ ముక్కు మూసుకుని దాటిపోయే బురద దగ్గర ఆగి చూసే ఓపిక మాత్రం ఉంది. లోకం ఆయన పేరును కరెంటుకు పెట్టుకుంది. ఆ ఓపికను మాత్రం ఎవరూ సొంతం చేసుకోలేదు. అది ఇంకా అలాగే ఉంది, కావలసినవాళ్ళు తీసుకోవచ్చు.